విశ్వకిరణాలూ, హోమీ భాభా, మన హైదరాబాదూ

విద్యార్థి సంఘం వారు ఈ సంవత్సరపు సావనీరుకు ఒక శాస్త్రజ్ఞుని జీవితం గురించి రాయమని అడిగినప్పుడు, ఎవరి గురించి రాయాలా అని నేను ఎక్కువ ఆలోచించలేదు. రామన్ గారిని ప్రతి ఫిబ్రవరి 28వ తేదీనా తల్చుకుంటూనే ఉన్నాం. కలాం గారి మాటలు ఆటోల వెనక కూడా కనిపిస్తున్నాయి. హోమీ జహంగీర్ భాభాని మాత్రం భారత అణుశక్తి పితామహుడు అని ఒక్క ముక్కలో తేల్చేసి ఊరుకుంటాం. పోటీ పరీక్షల గైడుల్లో ఆయనకి దక్కేది ఆ ఒక్క లైనే. ఆ ముక్క అబద్ధం కాదు గాని, అసలు మనిషి అందులో పట్టడు.

భాభా మొదటినుంచీ విశ్వకిరణాల మనిషి. ఆకాశంనుంచి రాత్రింబవళ్ళు మన మీద కురిసే మహాశక్తి గల కణాలంటే ఆయనకి పిచ్చి. ఆ పిచ్చి వెంటబడే ఆయన మనుషులు మన ఉస్మానియా ఆవరణ దాకా వచ్చారు. ఆ తోవలోనే మన ఊళ్ళో ఎలక్ట్రానిక్స్ మొలకెత్తింది. ఫిజిక్స్ బి.యస్సీ. చదువుతూ సాయంత్రాలు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేరు కోర్సులకి పరుగెత్తే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుందని నా ఉద్దేశం. నేను కూడా ఇక్కడ ఫిజిక్స్ చదివి, ప్రస్తుతం మాదాపూరులో పొట్టపోసుకుంటున్నవాణ్ణే కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

ఆయన 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక సంపన్న పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా బారిస్టరు. మేనత్త సర్ దొరాబ్జీ టాటా గారి భార్య. ఇల్లంతా పుస్తకాలు, పాశ్చాత్య సంగీతపు రికార్డులు, బొమ్మలు. అటువంటి ఇంట్లో పిల్లవాడి భవిష్యత్తు ముందే నిర్ణయమైపోతుంది కదా! ఇంజనీరింగు చదివి జంషెడ్‌పూరులో టాటా వారి ఉక్కు కర్మాగారంలో చేరాలని పెద్దల కోరిక. ఆ లెక్కప్రకారమే 1927లో కేంబ్రిడ్జికి పంపించారు.

అక్కడికి వెళ్ళాక కుర్రవాడి మనసు మారింది. తనకి ఫిజిక్సే కావాలనీ, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం తన స్వభావానికి సరిపడదనీ తండ్రికి ఉత్తరం రాశాడు. పద్ధెనిమిది పందొమ్మిదేళ్ళ వయసు. మన ఇళ్ళల్లో ఇలాంటి ఉత్తరం వస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తండ్రి కూడా లౌక్యం తెలిసిన మనిషే. ముందు మెకానికల్ ట్రైపాస్‌లో ఫస్టుక్లాసు తెచ్చుకో, ఆ తరవాత గణితం చదువుకోవడానికి డబ్బు నేనిస్తానన్నాడు. 1930లో కొడుకు ఆ ఫస్టుక్లాసు తెచ్చేసి, ఇంజనీరింగుకి నమస్కారం పెట్టేశాడు. డిరాక్ పాఠాలు చెప్పే కాలం అది.

అప్పటి కేంబ్రిడ్జి ఎలాంటిదో ఊహించుకోండి. 1932 ఒక్క సంవత్సరంలోనే అక్కడి కావెండిష్ ప్రయోగశాలలో చాడ్విక్ న్యూట్రాన్‌ని కనుక్కున్నాడు, కాక్‌క్రాఫ్టూ వాల్టనూ పరమాణు కేంద్రకాన్ని యంత్రంతో పగలగొట్టారు. అదే ఏడు అమెరికాలో ఆండర్సన్ విశ్వకిరణాల ఫోటోల్లో పాజిట్రాన్‌ని పట్టుకున్నాడు. భాభా 1933లో అచ్చువేసిన మొదటి పరిశోధన పత్రమే విశ్వకిరణాలు పదార్థంలో ఎలా ఇంకిపోతాయన్న దాని మీద.

విశ్వకిరణాలంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పాలి. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు బెలూనెక్కి సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు పోయాడు. నేలలోని రేడియోధార్మికత వల్ల గాలి విద్యుదీకరణం చెందుతుందని అప్పటివరకూ అనుకునేవారు. అదే నిజమైతే పైకి పోయేకొద్దీ అది తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. అంటే ఆ కిరణాలు పైనుంచి వస్తున్నాయన్నమాట. అవి నిజానికి కిరణాలు కావు, కణాలు. చాలా భాగం ప్రోటాన్లు. పేలిపోయిన నక్షత్రాల చుట్టూ వ్యాపించే ప్లాస్మా కెరటాల్లో, అయస్కాంత క్షేత్రాల మధ్య బంతుల్లా అటూ ఇటూ తన్నులు తిని ఆ వేగం సంపాదించుకుంటాయని ఈనాటి అవగాహన. ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు ఊడిపోయిన వాయువు. మన సూర్యుడూ ఎడతెగకుండా అటువంటి ప్లాస్మాని ఊదుతూనే ఉంటాడు. దాన్నే సౌరపవనం అంటాం.

పైనుంచి ఒక్క కణం వచ్చి గాలిని తాకితే, నేల మీద ఒకేసారి వేలూ లక్షలూ కణాలు జల్లులా పడతాయి. ఇది ఎలా సాధ్యం? 1937లో భాభా, హైట్లర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడూ కలిసి దీనికి జవాబు చెప్పారు. (హిట్లరు కాదండీ, హైట్లర్. హిట్లరు బాధ పడలేకనే ఈయన జర్మనీ వదిలి వచ్చాడు.) వేగంగా పోయే ఎలక్ట్రాన్ ఒక కేంద్రకం పక్కనుంచి పోతూ గామా కిరణాన్ని విడుస్తుంది. ఆ గామా కిరణం మరో కేంద్రకం దగ్గర ఎలక్ట్రాన్‌గా, పాజిట్రాన్‌గా రెండు ముక్కలవుతుంది. ఆ రెండూ మళ్ళీ గామా కిరణాలను విడుస్తాయి. పెద్ద నోటుని చిల్లర మార్చుకుంటూ పోవడమే! మొత్తం సొమ్ము పెరగదు, ముక్కలు పెరుగుతాయి. ఇక మార్చడానికి వీల్లేనంత చిల్లర అయ్యాక జల్లు ఆగిపోతుంది. అమెరికాలో ఓపెన్‌హైమరూ కార్ల్‌సనూ అదే కాలంలో విడిగా ఇదే సంగతి తేల్చారు. భాభా అంతకుముందు 1936లో ఎలక్ట్రానూ పాజిట్రానూ ఎదురుపడితే ఎలా చెదురుతాయో లెక్కగట్టాడు. దానికి భాభా స్కాటరింగ్ అన్న పేరు స్థిరపడింది. ఎలక్ట్రాన్లనీ పాజిట్రాన్లనీ ఢీకొట్టించే యంత్రాల్లో, ఎన్ని ఢీలు జరిగాయో కొలిచే తూనికరాయి ఈనాటికీ అదే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1938 నాటి చిన్న గమనిక. విశ్వకిరణాల్లో ఇప్పుడు మనం మ్యూయాన్ అంటున్న బరువైన కణం కనిపించింది. అది సగటున సెకనులో పదిలక్షలవ వంతుకి రెండింతలు మాత్రమే బతుకుతుంది. కాంతి వేగంతో పరిగెత్తినా ఆ వ్యవధిలో 700 మీటర్లు కూడా పోలేదు. కాని అవి పుట్టేది పది పదిహేను కిలోమీటర్ల పైన. మరి నేల దాకా ఎలా వస్తున్నాయి? అటువంటి అల్పాయుష్షు కణం వేగంగా పోతున్నప్పుడు, ఐన్‌స్టీన్ చెప్పినట్టు దాని గడియారం మన లెక్కన నెమ్మదిస్తుందనీ, కాబట్టి అది మనకి ఎక్కువకాలం బతికినట్టు కనిపిస్తుందనీ భాభా సూచించాడు. తరవాతి ప్రయోగాల్లో అది అక్షరాలా నిజమని తేలింది. ఈ వ్యాసం చదువుతూ మీ అరచెయ్యి చాచండి. ప్రతి సెకనుకీ ఒకటో రెండో మ్యూయాన్లు దాంట్లోంచి దూసుకుపోతూనే ఉంటాయి.

1939లో సెలవులకని ఇండియా వచ్చాడు. యుద్ధం మొదలై తిరిగి పోవడానికి వీల్లేకపోయింది. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రామన్ గారి విభాగంలో రీడరుగా చేరాడు. టాటా ట్రస్టు డబ్బిస్తే విశ్వకిరణాల విభాగం ఒకటి ప్రారంభించాడు. 1941లో, అంటే 31 ఏళ్ళకి, రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. యుద్ధం అయ్యాక వెళ్ళిపోవాలనే మొదట అనుకున్నాడు. వెళ్ళలేదు. 1944 మార్చి 12న టాటా ట్రస్టు అధ్యక్షునికి రాసిన ఉత్తరంలో, మౌలిక పరిశోధనకి ఒక సంస్థ కావాలనీ, మరో రెండు దశాబ్దాల్లో అణుశక్తితో విద్యుత్తు తీసే రోజు వస్తే మన నిపుణులు మనకే ఉండాలనీ వాదించాడు. హిరోషిమా ఇంకా జరగలేదు! టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ 1945 జూన్‌లో బెంగుళూరులో పుట్టి, ఆ డిసెంబరుకి బొంబాయి పెద్దర్ రోడ్డులోని ఒక బంగళాలోకి మారింది.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తున్నాను.

విశ్వకిరణాలను స్వచ్ఛంగా పట్టాలంటే గాలిపొర దాటి పైకి పోవాలి. రాకెట్లు లేని రోజులు. బెలూన్లే గతి. భూమధ్యరేఖ దగ్గరి దేశానికి ఇందులో ఒక వరం ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం జల్లెడలా పని చేస్తుంది. ధ్రువాల దగ్గర తక్కువ శక్తి కణాలు కూడా దిగిపోతాయి. దక్షిణ భారతంలో మాత్రం సుమారు 1,700 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే గాని నిటారుగా దిగే ప్రోటాన్ లోపలికి రాలేదు. అంటే ఇక్కడ ప్రకృతే మనకి మహాశక్తి కణాలను ఏరి ఇస్తోందన్నమాట. ధనవంతుల దేశాలతో పోటీ పడటానికి పేద దేశానికి ఉచితంగా దొరికిన పనిముట్టు ఇది. భాభా దీన్ని బాగా గుర్తుపట్టాడు.

మరి హైదరాబాదే ఎందుకు? బొంబాయిలో ఎగరేస్తే పరికరాలు అరేబియా సముద్రంలో పడతాయి, మద్రాసులో ఎగరేస్తే బంగాళాఖాతంలో. హైదరాబాదు రెండు సముద్రాలకీ దూరం. గాలి ఎటు తోసినా నేల మీదే దిగుతుంది. ఆ విధంగా 1959 నుంచి టాటా ఇన్‌స్టిట్యూట్ వారు మన ఉస్మానియా ఆవరణనుంచి ప్లాస్టిక్ బెలూన్లు వదలడం ప్రారంభించారు. పల్చని పాలిథీన్‌తో చేసినవి, హైడ్రోజన్ నింపినవి. 30 కిలోమీటర్లు దాటి పోతే గాలిలో 99 పాళ్ళు కాళ్ళ కిందే ఉండిపోతుంది. అయితే ఇందులో ఒక పేచీ ఉంది. మన ఉష్ణమండలం మీద 16, 17 కిలోమీటర్ల ఎత్తున సున్నాకి దిగువ 80 నుంచి 90 డిగ్రీల చలి. ధ్రువ ప్రాంతాల మీద కూడా ఆ ఎత్తున సాధారణంగా అంత చలి ఉండదు! మన ఎండలకి మాడేవాళ్ళకి ఇది నమ్మశక్యంగా ఉండదు. ఆ చలికి పాలిథీన్ గాజులా పెళుసెక్కి చిట్లిపోతుంది. చల్లని దేశాల్లో చక్కగా ఎగిరే బెలూన్లు ఇక్కడ ఫెయిలవుతాయి. అందుకని మనవాళ్ళు బెలూన్లు స్వయంగా తయారుచెయ్యడం నేర్చుకున్నారు.

ఆకాశంలోనే కాదు, పాతాళంలోనూ వెతికించాడు భాభా. కోలారు బంగారు గనుల అడుగున పరికరాలు పెట్టి మ్యూయాన్లు ఎంత లోతుకి పోతాయో కొలిపించాడు. ఆ గనుల్లోనే 1965లో, గాలిలో విశ్వకిరణాల వల్ల పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. ఇంగ్లండు, జపాను వారితో కలిసి చేసిన పని అది.

కణాలను లెక్కపెట్టాలంటే కౌంటర్లు కావాలి. కౌంటర్లకి సర్క్యూట్లు కావాలి. యుద్ధం తరవాత అవి బజారులో దొరికేవి కావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు బెనారసులో పాఠాలు చెప్పి, అమెరికాలో స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు చదివి వచ్చి, భాభా దగ్గర విశ్వకిరణాల బృందంలో చేరారు. ఆ కౌంటర్ల పనితోనే ఒక ఎలక్ట్రానిక్స్ బృందం పెరిగింది. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు నడక మొదలుపెట్టినప్పుడు దాని నియంత్రణ పరికరాలు ఆ బృందం ఇక్కడే చేసినవి. చైనా యుద్ధం తరవాత 1963లో దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎలా కావాలో తేల్చమని ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక సంఘం వేసింది. నలుగురే సభ్యులు. భాభా, విక్రం సారాభాయ్, సాంబశివరావు గారు, సూరి భగవంతం గారు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. పైగా భగవంతం గారు నిజాం కాలేజీ విద్యార్థి, మన విశ్వవిద్యాలయానికి పూర్వపు వైస్ ఛాన్సలరు. ఆ ఆలోచనల ఫలితమే 1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో వెలసిన ఈసీఐఎల్. సాంబశివరావు గారే దాన్ని నిలబెట్టారు. టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటరు 1969లో వచ్చింది. ఏ.యస్. రావు నగర్ అని బస్సు కండక్టరు కేకేస్తే దిగేవాళ్ళలో ఎందరికి ఆ పేరు వెనక విశ్వకిరణాలున్నాయని తెలుసు?

ఈసీఐఎల్ వల్లనే హైటెక్ సిటీ వచ్చిందని నేననను. 1998 నవంబరులో మాదాపూరు గుట్టల్లో సైబర్ టవర్స్ లేచాయంటే దానికి ప్రభుత్వ విధానాలు, ఇంజనీరింగు కాలేజీలు, అమెరికా గిరాకీ, ఇలా కారణాలు వేరే ఉన్నాయి. కాని కంప్యూటరంటే విదేశాలనుంచి పెట్టెల్లో దిగేది అనుకునే కాలంలో, దాన్ని ఇక్కడే విప్పి, అమర్చి, బాగుచేసే చేతులు ఈ ఊళ్ళో ఉండటం చిన్న సంగతి కాదు.

ఇంకో చమత్కారం చూడండి. భాభా లెక్కగట్టిన జల్లుకి అన్నదమ్ములనదగ్గ న్యూట్రాన్లు ఇప్పుడు మా సాఫ్ట్‌వేరు వాళ్ళకి శత్రువులు. విశ్వకిరణాల వల్ల గాలిలో పుట్టిన న్యూట్రాన్ కంప్యూటరు మెమరీలోని సిలికాన్‌ని తాకితే సున్నా ఒకటైపోవచ్చు. 2003లో బెల్జియంలో ఎన్నికల లెక్కింపులో ఒక అభ్యర్థికి హఠాత్తుగా 4,096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. 4,096 అంటే రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య. ఒకే ఒక్క బిట్ తిరగబడిందన్నమాట. ప్రోగ్రాములో తప్పేమీ దొరకలేదు. అనుమానమంతా విశ్వకిరణం మీదికే పోయింది. అందుకనే పెద్ద సర్వర్లలో తమ తప్పు తాము దిద్దుకునే మెమరీలు పెడతారు. గచ్చిబౌలి డేటా సెంటరులో కూర్చున్న కుర్రవాడికి ఆకాశంతో పనిలేదనుకోవద్దు.

భాభాని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత వినియోగ మహాసభకి అధ్యక్షత వహిస్తూ, హైడ్రోజన్ సంలీనశక్తిని అదుపులో పెట్టే మార్గం రెండు దశాబ్దాల్లో దొరుకుతుందని జోస్యం చెప్పాడు. అది కూడా ప్లాస్మా సంగతే. సూర్యుడిలో ఉన్న వేడి ప్లాస్మాని సీసాలో బంధించడం వంటిది. ఆ గడువు 1975లో దాటిపోయింది. 2022 డిసెంబరులో అమెరికాలో ఒక ప్రయోగంలో, లేజర్లు ఇంధనానికి ఇచ్చిన శక్తికంటే ఎక్కువ బయటికి వచ్చింది గాని, ఇంట్లో దీపం వెలిగే రోజు ఇంకా రాలేదు.

అంతకంటే మనకి దగ్గరి విమర్శ మరొకటి ఉంది. మేఘనాథ్ సాహా, నక్షత్రాల్లో అయనీకరణానికి సూత్రం చెప్పిన మహానుభావుడు, భాభా పద్ధతిని గట్టిగా వ్యతిరేకించాడు. అణు పరిశోధన విశ్వవిద్యాలయాల్లో పెరగాలి, రహస్యపు గోడల మధ్య కాదని ఆయన వాదన. 1954లో పార్లమెంటులోనూ ఆ మాటే అన్నాడు. నెహ్రూ భాభా పక్షం వహించాడు. ఫలితమేమిటి? పరిశోధన అంతా సంస్థలకి, పాఠాలు చెప్పడం యూనివర్సిటీలకి. డబ్బూ పరికరాలూ అటు, విద్యార్థులు ఇటు. మన డిపార్టుమెంటుల్లో పాతబడ్డ పరికరాలను చూసినప్పుడల్లా నాకు సాహా గుర్తొస్తాడు. భాభా లేకపోతే బెలూన్లూ లేవు, కోలారూ లేదు, ఈసీఐఎలూ లేదు, నిజమే. అయినా ఈ ఒక్క విషయంలో నేను సాహా పక్షం. మన మైదానంనుంచి అన్ని బెలూన్లు ఎగిరాయి గదా, వాటితో పాటు మన విద్యార్థులకి ఎంత విద్య ఎగిరింది అని లెక్క అడిగే హక్కు మనకి ఉంది.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. బొమ్మలు వేసేవాడు. కొత్త భవనాలకి అడ్డమొచ్చిన చెట్లని నరకనివ్వకుండా వేళ్ళతో సహా లేపి మరోచోట నాటించేవాడు. 1966 జనవరి 24న వియన్నాలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సమావేశానికి పోతుండగా, ఎయిరిండియా కాంచనజంగ విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్‌ని ఢీకొట్టింది. 117 మందీ పోయారు. శాస్త్రి గారు తాష్కెంటులో పోయి పట్టుమని పక్షం రోజులు కాలేదు. ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణం చేసింది ఆ రోజే. కుట్ర అని కథలు అప్పుడూ అల్లారు, ఇప్పుడూ అల్లుతున్నారు. పైలటు తాము పర్వతాన్ని దాటేశామని పొరబడ్డాడని దర్యాప్తు చెబుతోంది. నాకు అది చాలు. ఆయనకి 56 ఏళ్ళు. ఆ హిమానీనదం కరిగేకొద్దీ విమానం సామాను ఇంకా బయటపడుతూనే ఉంది. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్త ఉన్న ఆనాటి పత్రికలు కొన్ని దొరికాయి.

ఆయన పోయిన మూడేళ్ళకి, 1969లో, బెలూన్లకి ఈసీఐఎల్ పక్కనే శాశ్వత కేంద్రం ఏర్పడింది. 2005లో అక్కడినుంచి ఎగిరిన బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని పట్టి తెస్తే అందులో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. ఇటు పడమటి కొసన, గచ్చిబౌలి దాటాక గోపనపల్లిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయపు చేరువలోనే టాటా ఇన్‌స్టిట్యూట్ వారి కొత్త ఆవరణ ఉంది. లేజరు కాంతితో ప్లాస్మా పుట్టించి, అందులో కణాలు వేగం పుంజుకునే తీరును అక్కడ పరిశీలిస్తారు. కంపెనీ బస్సుల్లో మేం రోజూ పోయే దారికి అది దగ్గరే.

బెలూను ఎగరేసే ముందు ఇప్పటికీ పత్రికల్లో జిల్లాల పేర్లతో ప్రకటన వేస్తారు. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లా పొలాల్లో ఒక పెద్ద గుండ్రని పెట్టె దిగితే ఊరుఊరంతా ఎగరే పళ్ళెం వచ్చిందని పరిగెత్తింది. తీరా చూస్తే మనుషులని పైకి తీసుకుపోవడానికి ఒక స్పెయిన్ కంపెనీ ఇక్కడ పరీక్షించిన గది. సెలవులకి ఊరెళ్ళే మిత్రులకి ఒక మాట. పారాషూటు తగిలించిన పెట్టె ఏదైనా చేలో కనిపిస్తే విప్పకండి, తాళ్ళు లాగకండి. దాని మీద చిరునామా, ఫోను నంబరు ఉంటాయి. దగ్గర్లోని పోలీసు స్టేషనులోనో తపాలా ఆఫీసులోనో చెబితే చాలు, వాళ్ళే వచ్చి తీసుకుపోతారు.